చివరివాడు చేరువరకు
(యెహోషువ 3, 4 అధ్యాయములపై పాఠము)



ఈ నెల మన పాఠమునకు యెహోషువ గ్రంథము 3, 4 అధ్యాయములను తీసికొనుచున్నాము. చదువ నేర్చినవారు సాయంకాల కుటుంబ ప్రార్థనలో ఈ రెండు అధ్యాయములను నెమ్మదిగా చదివి, చదువు రాని పెద్దలకు వినిపింపవలెనని మనవి. అటుపిమ్మట ఈ పాఠమును చేపట్టుట మేలు.

ఈ అధ్యాయములలో నున్నది ఒక ప్రయాణపు కడవరి దినపు వృత్తాంతము. ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి ఎర్ర సముద్రము దాటిన మొదటి దినములను గూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. అరణ్యములోని మన్నాను గూర్చియు, బండలోనుండి వచ్చిన నీళ్లను గూర్చియు మన పిల్లలు సైతము చెప్పగలరు. అయితే నలువది ఏండ్ల నడక ముగిసిన ఆ కడవరి దినమున ఏమి జరిగెనో తలంచువారు కొద్దిమందియే. పరిశుద్ధ గ్రంథము ఆ ఒక్క దినమునకు రెండు నిండు అధ్యాయములను కేటాయించియున్నది. నది దాటిరి అని ఒక్క మాటలో చెప్పి ముగింపక, ఎవరు ముందు దాటిరో, ఎవరు నడుమ నిలిచిరో, ఎవరు కడపట వచ్చిరో వివరముగా తెలుపుచున్నది. కాబట్టి దానిలో మనము నేర్వవలసినది ఉన్నదనుట స్పష్టము.

1. ఒక సైకిలు యాత్ర

ఈ సంగతి తేటపడుటకు మన యిండ్లలో నుండు సైకిలునే ఉపమానముగా తీసికొందము. సైకిలు మన సంఘములకు క్రొత్త వస్తువు కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడిన వి. యస్. అజరయ్యగారు, దోర్నకల్ ప్రాంతపు పల్లెలను ఎడ్లబండి మీదను సైకిలు మీదను తిరిగి దర్శించిరి. పల్లె ఉపదేశకుని ఆస్తి యనగా ఒక బైబిలు, ఒక పాటల పుస్తకము, ఒక సైకిలు అని మన పెద్దలు చెప్పుకొను దినములు కలవు.

అమెరికా దేశమున ఐయోవా అను రాష్ట్రము కలదు. అది మన జిల్లాలవలెనే సేద్యపు సీమ. మొక్కజొన్నయు సోయాచిక్కుడును అక్కడి ముఖ్యమైన పంటలు. దాని పడమటి పొలిమేరను మిస్సోరి నదియు, తూర్పు పొలిమేరను మిస్సిసిపి మహానదియు ప్రవహించుచున్నవి. 1973 ఆగస్టులో అక్కడి డి మోయిన్ నగరపు దినపత్రికలో పనిచేయు జాన్ కారస్, డానల్డ్ కాల్ అను ఇద్దరు, పడమటి పొలిమేర నుండి తూర్పు నది వరకు సైకిళ్ల మీద పోవ సంకల్పించి, ఇష్టమైనవారు తమతో కూడ రావచ్చునని పత్రికలో ప్రకటించిరి. బయలుదేరిన దినమున సుమారు 300 మంది కూడిరి. ఆరు దినములు తొక్కి, దారి యంతయు పూర్తిచేసినవారు 114 మంది. ఆ యాత్ర అంతటితో ఆగలేదు. మహమ్మారి వచ్చిన 2020వ సంవత్సరము తప్ప, నేటికిని ప్రతి యేట జరుగుచున్నది. ఇప్పుడది ఏడు దినముల యాత్ర, వచ్చువారు వేలమంది.

ఆ యాత్రికులకు ఒక ఆచారము కలదు. బయలుదేరునప్పుడు సైకిలు వెనుక చక్రమును పడమటి నది నీటిలో ముంచుదురు. కడవరి దినమున ముందు చక్రమును మిస్సిసిపి నీటిలో ముంచుదురు. ఒక నీటి యొద్ద ఆరంభమై మరియొక నీటి యొద్ద ముగియు ప్రయాణము అది. ఎర్ర సముద్రమునకును యొర్దానునకును నడుమ నడచిన జనమును అది మనకు జ్ఞాపకము చేయుచున్నది గదా.

ఆ మొదటి యాత్రలో క్లారెన్స్ పికార్డ్ అను 83 ఏండ్ల వృద్ధుడు ఉండెను. స్త్రీలు తొక్కు రకపు పాత సైకిలు నెక్కి, తలమీద సోలా టోపీ పెట్టుకొని ఆయన బయలుదేరెను. అయిదవ దినమున డి మోయిన్ నుండి విలియమ్స్‌బర్గ్ వరకు 110 మైళ్ల దారి యుండెను. వృద్ధుడు ఆ దారిని కూడ తొక్కెను. మరునాడు, అనగా కడవరి దినమున, మిస్సిసిపి యొడ్డున నున్న డావెన్‌పోర్టు పట్టణమునకు చేరెను. ఎనుబదియైదేండ్ల ప్రాయమున, నాకింకను బలము కలదు, ఆ కొండసీమను నాకిమ్మని అడిగిన కాలేబును (యెహోషువ 14:10-12) తలంచినయెడల, దేవుడు ముదిమిలో సహితము బలమియ్యగలడని మన వృద్ధులు ధైర్యము తెచ్చుకొనవచ్చును.

2. పందెము వేరు, యాత్ర వేరు

సైకిలు తొక్కువారిలో పందెగాండ్రు కలరు, యాత్రికులు కలరు. ఈ రెంటిని మనము కలిపివేయరాదు.

ఫ్రాన్సు దేశమున 1903 జూలైలో ఒక గొప్ప సైకిలు పందెము ఆరంభమాయెను. ఆ మొదటి యేట 60 మంది బయలుదేరి, 2,428 కిలోమీటర్ల దారిని ఆరు విడతలుగా తొక్కిరి. కడవరి విడత యొక్కటే 471 కిలోమీటర్లు. పారిసు నగరమునకు చేరినవారు 21 మంది మాత్రమే. ఆ పందెము ఇప్పటికిని జరుగుచున్నది. 1989 జూలై 23న, అనగా ఆ యేటి పందెపు కడవరి దినమున, ఫ్రాన్సు దేశస్థుడైన లోరాన్ ఫిన్యోన్ 50 సెకండ్లు ముందుండెను. సాయంకాలమునకు అమెరికా దేశస్థుడైన గ్రెగ్ లెమాండ్ 8 సెకండ్ల భేదముతో గెలిచెను. మూడు వేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణమునకు ఫలితము ఎనిమిది సెకండ్లు. పందెములో ఒకని ఆలస్యము మరియొకనికి లాభము. ఒకడు పడిపోయిన చోట మరియొకడు ముందునకు పోవును.

అపొస్తలుడైన పౌలు పందెమును ఉపమానముగా చెప్పినది వాస్తవమే (1 కొరింథీ 9:24-27). అయితే అక్కడ ఆయన నేర్పునది ఎవరి దేహమును వారు లోపరచుకొనవలెననియే గాని, సహోదరుని ఓడించవలెనని కాదు. సంఘము కలిసి చేయునది యాత్ర. యాత్రలో ఒకని ఆలస్యము అందరి ఆలస్యము. ముందు తొక్కువాడు ఎదురుగాలిని తన రొమ్మున కాచుకొనును. వాని వెనుక దగ్గరగా వచ్చువానికి గాలి దెబ్బ తగ్గి, శ్రమ తగ్గును. ముందువాడు అలసినప్పుడు వెనుకకు వచ్చును. మరియొకడు ముందునకు పోవును. గుంపుగా సైకిలు తొక్కినవారందరు ఎరిగిన సంగతి యిది. గుంపు చెదిరినచో ప్రతివాడును తన గాలిని తానే మోయవలెను. ఆ గాలికి మొదట లోబడువాడు అందరిలో బలహీనుడే.

3. నదిలో నిలిచిన యాజకులు

ఇప్పుడు యెహోషువ గ్రంథమునకు మరలుదము. అది కోతకాలము. యొర్దాను గట్ల మీదుగా పొర్లి పారుచుండెను (3:15). మందసమును మోయు యాజకుల కాళ్లు నీటి అంచున తగిలినంతనే, పైనుండి వచ్చు నీళ్లు దూరమున నిలిచిపోయెను. మొదట నదిలో దిగినవారు యాజకులు. మరి మొదట ఆవలి గట్టు నెక్కినవారు వారేనా? కాదు. జనమంతయు దాటువరకు వారు నది నడుమ ఆరిన నేలను నిలిచియుండిరి (3:17). అందరును దాటిన తరువాతనే మందసమును యాజకులును దాటిరి (4:11). వారి అరికాళ్లు పొడి నేలను మోపినప్పుడు నీళ్లు మరల తమ చోటికి వచ్చెను (4:18).

ఆ నిలుకడను తలంచి చూడుడి. భుజముల మీద బరువు; ఒక ప్రక్కను దూరమున ఆగిన నీళ్లు; ఎదుట నలువది ఏండ్లుగా ఎదురుచూచిన దేశము, కొన్ని అడుగుల దూరములో. ముసలివారు, చంటిపిల్లల తల్లులు, మందలు, కుంటివారు వారి యెదుటనే దాటి పోవుచుండిరి. వారిలో ఎవడైనను, నా వంతు అయినది, నేను గట్టెక్కెదనని బయలుదేరియుండినయెడల వెనుకవారి గతి యేమగును?

ఇక్కడ మరియొక మాటను గమనింపవలెను. జనులు త్వరపడి దాటిరని 4:10లో వ్రాయబడియున్నది. నిలుచువారు ఓర్పుతో నిలిచిరి. దాటువారు త్వరపడి దాటిరి. నా కొరకు ఒకడు బరువు మోయుచు నిలిచియున్నాడని తెలిసినవాడు దారిలో కాలయాపన చేయడు. కాబట్టి సోమరితనముచేత ఆలస్యము చేయువారికి ఈ పాఠము ఆశ్రయము కాదు. ఆరాధన గంట మ్రోగిన పిమ్మట అరుగు మీద కూర్చుండి కబుర్లాడువారి కొరకు యాజకులు నదిలో నిలువలేదు. శక్తి లేక వెనుకబడినవారి కొరకు నిలిచిరి.

4. వెనుకనున్నవారి అపాయము

ప్రయాణమునకు ముందుభాగమున కంటె వెనుకభాగమున అపాయము హెచ్చు. అమాలేకీయులు ఇశ్రాయేలీయుల మీద పడినప్పుడు ఎవరిని కొట్టిరి? ముందు నడచు బలవంతులను కాదు. అలసి సొలసి వెనుకబడిన బలహీనులను కొట్టిరి (ద్వితీయోపదేశకాండము 25:17-18). దేవుడు ఆ సంగతిని మరువవద్దని ఆజ్ఞాపించెను. అందుచేతనే దాను గోత్రమును సమస్త పాళెముల వెనుక నడువ నియమించెను (సంఖ్యాకాండము 10:25). వెనుక నడచుట తక్కువ పని అని దాను గోత్రికులు తలంచినట్లు వ్రాయబడలేదు. అది నమ్మకమైనవారికి అప్పగింపబడిన కావలి.

రైలు స్టేషనులో దీనికి మంచి దృష్టాంతము కలదు. ఇంజను స్టేషనులో ప్రవేశించినంత మాత్రమున బండి వచ్చినట్లు లెక్క కాదు. కడపటి పెట్టెకు పగటివేళ ఒక పలకయు, రాత్రివేళ ఎర్ర దీపమును ఉండును. ఆ గురుతును కన్నులార చూచిన తరువాతనే బండి నడుమ తెగక సంపూర్ణముగా వచ్చినదని స్టేషను వారు నిశ్చయించుకొందురు. అంతవరకు ఆ పట్టాలపై మరియొక బండిని రానియ్యరు. పైన చెప్పిన ఫ్రాన్సు పందెములో కూడ, అందరికంటె కడపట చేరినవానికి ఎర్ర దీపము అను పేరు పెట్టిరి. రైలు దీపమును బట్టియే ఆ పేరు వచ్చినది. 1903లో కడపట వచ్చినవాడు గెలిచినవానికంటె దాదాపు 65 గంటలు వెనుకబడెను. అయినను చేరినవారి పట్టీలో వాని పేరు నేటికిని ఉన్నది. లోకపు పందెములోనే ఇట్లుండగా, జీవగ్రంథమున పేర్లు వ్రాయు ప్రభువు కడపటివానిని మరచునా?

సంఘమును చూచినప్పుడు మన కన్నులు తరచుగా ఇంజను మీదనే యుండును. పాటలు పాడువారు ఎవరు, ప్రసంగము చేసినది ఎవరు, కానుక ఎంత వచ్చెను అని అడుగుదుము. కడపటి పెట్టె వచ్చెనా అని అడుగువారు ఎవరు?

5. ముందు చేరినవారి పని

రూబేనీయులకును గాదీయులకును మనష్షే అర్ధగోత్రపు వారికిని యొర్దాను ఇవతలనే భూములు దొరికినవి. వారి ప్రయాణము ముగిసినది. వారి ఇండ్లు, మందలు, భార్యాబిడ్డలు ఇవతలనే. అయినను దేవుడు వారిని కూర్చుండనియ్యలేదు. వారిలో యుద్ధసన్నద్ధులైన సుమారు నలువది వేలమంది తమ సహోదరులకు ముందుగా నది దాటిరి (4:12-13). సహోదరులకు విశ్రాంతి కలుగువరకు తమ విశ్రాంతిని వారు అనుభవింపలేదు. పని ముగిసిన పిమ్మట యెహోషువ వారిని దీవించి ఇండ్లకు పంపెను (22:1-6). ముందు దొరికిన మేలు ముందు కూర్చుండుటకు కాదు, ముందు సాయపడుటకు ఇయ్యబడినది.

మా పాస్టరేటులో సంక్రాంతి దాటి కోతలు ముగిసిన దినములలో యౌవనస్థులు సైకిళ్ల మీద సువార్త ప్రయాణము చేయుట కలదు. ఒక యేట పండ్రెండుగురము నాలుగు దినములు తిరిగితిమి. పగలు పల్లెలను దర్శించి, రాత్రి బడి వరండాలలో పరుండితిమి. మొదటి మూడు దినములు ఒకని టైరు పంక్చరైన అందరును దిగి చెట్టు నీడను నిలిచిరి. గాలి పంపు ఒకనిది, రబ్బరు ముక్క ఒకనిది, జిగురు ఒకనిది. నాలుగవ దినపు సాయంకాలము కాలువ గట్టు ఎక్కగానే దూరమున మన దేవాలయపు గోపురము కనబడెను. దానిని చూడగానే నలుగురు యౌవనులు గంటలు మ్రోగించుచు సాగిపోయిరి. ఆ వెనుకనే కూలివారి బిడ్డయైన ఒక కుర్రవాని సైకిలు చైను తెగెను. ఆ సైకిలు వానిది కాదు, ఎరువు తెచ్చుకొన్నది. ఊరు ఇంకను ఆరు కిలోమీటర్లు ఉండెను. మేమును మిగిలినవారును దిగి, వానితో నడువసాగితిమి.

ముందు పోయిన నలుగురికి దేవాలయము యొద్ద ఏమి జరిగెనో తరువాత వారే చెప్పిరి. సంఘస్థులు డప్పులతోను బంతిపూల దండలతోను ఎదురువచ్చిరట. దండలు వేయబోవు సమయమున ఆ కుర్రవాని తల్లి గుంపులోనుండి ముందునకు వచ్చి, "మా వాడేడి నాయనా?" అని అడిగెనట. ఆమె కోపముతో అడుగలేదు. పొలమునుండి తిన్నగా వచ్చి, కాళ్ల బురద కడుగుకొనకుండనే నిలిచి, బిడ్డ కొరకు చూచుచుండెను. ఆ ప్రశ్నకు నలుగురిలో ఒక్కడును జవాబు చెప్పలేకపోయెను. వారు దండలను అక్కడనే విడిచి, సైకిళ్లు త్రిప్పి, చీకటి పడుచుండగా మాకు ఎదురువచ్చిరి. ఒకడు ఆ కుర్రవానిని తన క్యారియరు మీద ఎక్కించుకొనెను. మరియొకడు చైను తెగిన సైకిలును ఒక చేత పట్టుకొని ప్రక్కన నడిపించుకొని వచ్చెను. ఆ రాత్రి పండ్రెండుగురము కలిసి దేవాలయములో ప్రవేశించితిమి. ఆ యౌవనుల సెలవు తీసికొనియే దీనిని వ్రాయుచున్నాము. ఇప్పుడు వారిలో ఇద్దరు మన సంఘ పెద్దలు.

ఆ తల్లి అడిగిన ప్రశ్న పరిశుద్ధ గ్రంథమంతట వినబడుచున్నది. ఏదెను వెలుపల దేవుడు కయీనును అడిగినది అదియే (ఆదికాండము 4:9). చిన్న తమ్ముడు తోడ రానియెడల నా ముఖము చూడరాదని ఐగుప్తు ప్రభువు యాకోబు కుమారులతో చెప్పెను (43:3). అందుకే యూదా, ఈ చిన్నవాడు నాతోకూడ లేనిదే తండ్రి యొద్దకు ఎట్లు పోగలనని యేడ్చి, తానే బానిసగా నిలుచుటకు ఒప్పుకొనెను (44:33-34). యోసేపును అమ్మివేయుడని ఒకప్పుడు సలహా చెప్పిన యూదా యితడే. చిన్నవానిని విడిచి తాను ఇల్లు చేరుటకు యిప్పుడు వాని మనస్సు ఒప్పలేదు. అట్టి మార్పు చూచిన తరువాతనే యోసేపు తన్ను తాను ఎరుకపరచుకొనెను. సహోదరుని విడిచి తండ్రి యొద్దకు పోవు దారి మనకు లేదు.

6. మన సంఘములలో

ఈ పాఠమును చెవులతో విని ఇంటికి పోవుట చాలదు. కొరింథు సంఘమును చూడుడి. ప్రభు బల్ల యొద్దకు కూడినప్పుడు ముందు వచ్చినవారు ముందుగా భుజించుచుండిరి. లేనివారు ఆకలితో మిగిలిరి. పౌలు దానిని చిన్న తప్పుగా ఎంచలేదు. అది దేవుని సంఘమును తిరస్కరించుట యనెను. ఒకరికొరకు ఒకరు కనిపెట్టవలెనని ఆజ్ఞాపించెను (1 కొరింథీ 11:20-22, 33).

మన పల్లెలలో ఆలస్యముగా వచ్చువారు ఎవరు? నాట్ల దినములలో పొద్దు క్రుంకిన గాని మడి విడిచి రాలేని కూలి స్త్రీలు. వారు ఇంటికి వచ్చి, పొయ్యి రాజేసి, పిల్లలకు పెట్టి, తల దువ్వుకొని వచ్చుసరికి ప్రార్థన ముగియును. పంట పండుగ విందులో వారి వంతుకు అడుగంటిన అన్నము మిగులును. సంఘ పెద్దలారా, నాట్లకాలమున సాయంకాల కూటము ఒక గంట ఆలస్యముగా పెట్టుకొనుట కష్టమా? విందులో కడపట వచ్చువారి కూరను ముందుగానే ఒక గిన్నెలో తీసి మూతపెట్టుట మన స్త్రీలకు తెలియని పనియా? ఇంటిలో చేయుచున్నదే సంఘములోను చేయుదము.

మరియు, సంఘ చందా బాకీపడి, పేరు పిలిచి అడుగుదురేమోయని సిగ్గుపడి రాక మానిన కుటుంబములు కలవు. అప్పుల బాధచేత హైదరాబాదుకు మేస్త్రి పనికో, గల్ఫు దేశములకో పోయిన మగవారి భార్యలు కలరు. మంచము పట్టి సంవత్సరములుగా ప్రభు బల్ల రుచి చూడని ముసలివారు కలరు. చదువు రాదని బాప్తిస్మపు తరగతికి వచ్చుటకు జంకువారు కలరు. వీరందరు మన బండికి కడపటి పెట్టె. ఆదివారమునాడు ఆలయము నిండెనని సంతోషించుటకు ముందు, రానివారి పేర్లు ఒక కాగితముమీద వ్రాసి, ఒక్కొక్క పేరు ఒక్కొక్క ఇంటివారు తీసికొనవలెను. వారి యింటికి పోయినప్పుడు బాకీ మాట ఎత్తవద్దు. వాక్యము చదివి, ప్రార్థించి, ఆదివారము తోడుకొని రండి. నడువలేనివారికి సంస్కారము ఇంటికే వచ్చును. మాకు కబురు చేయుడి.

కడవరి దినము మన వ్యక్తిగత జీవితమునకును కలదు. ప్రాణము పోవు వేళ ఒంటరిగా నున్నవానికి గంటలు చాల పొడవు. పొరుగింటి విశ్వాసి మరణశయ్య మీద నుండగా, రేపు చూచెదమని తలుపు వేసికొనవద్దు. బోధింపనక్కరలేదు. చేయి పట్టుకొని కూర్చుండుట చాలును. వాని చక్రము నీటిని తాకువరకు తోడుండుటయు యాత్రలో భాగమే.

7. ముందును వెనుకను నడచువాడు

ఇంతవరకు మనము బలవంతులమనియు, వెనుకబడినవారు వేరొకరనియు తలంచి మాటలాడుకొంటిమి. అయితే నిజముగా ఆలోచించినయెడల మనలో ఎవడు ముందున్నాడు? ఇంకను లోబడని కోపము, మానలేని అలవాటు, క్షమింపలేని జ్ఞాపకము గలవారమై, చైను తెగిన సైకిలును నడిపించుకొనుచు చీకటిలో వచ్చువారము మనమే గదా. మన నిరీక్షణ మన కాళ్ల బలము మీద లేదు. యెహోవా తన ప్రజలకు ముందు నడుచుటయే గాక, వారి వెనుకటి కావలిగాను ఉండునని యెషయా ప్రవచించెను (52:12). ఎర్ర సముద్రము యొద్ద దేవదూత ముందునుండి వెనుకకు వచ్చి, శత్రువునకును జనమునకును నడుమ నిలిచెను (నిర్గమకాండము 14:19). ఆ నిలుచువాడే కాలము సంపూర్ణమైనప్పుడు శరీరధారియై వచ్చి, తండ్రి తనకిచ్చినవారిని కాపాడితినని చెప్పెను (యోహాను 17:12). యాజకులు మందసము మోయుచు నదిలో నిలిచిరి. మన ప్రధాన యాజకుడు సిలువ మోసి మరణపు నదిలో నిలిచెను. మనలో కడపటివాడు దాటువరకు ఆయన కన్నులు వెనుకనే యున్నవి.

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయమున హేబెలు మొదలుకొని విశ్వాసవీరుల పేర్లు మనము చదువుదుము. వారు ముందు చేరినవారు. అయినను మనము లేకుండ వారు సంపూర్ణులు కాకూడదని దేవుడు సంకల్పించెనని ఆ అధ్యాయపు కడపటి వచనము చెప్పుచున్నది. అబ్రాహాము, మోషే, రాహాబు దండలు పట్టుకొని మన కొరకు చూచుచున్నారు. మన పల్లెలోని ఏ పేద విధవ యొక్క రాకడ కొరకో పరలోకపు విందు ఆగియున్నదని తలంచినప్పుడు, ఆమె కొరకు ఒక గంట ఆగుట మనకు భారమగునా?

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. యాజకులు నది నడుమ నిలువకపోయినయెడల ఎవరు నష్టపడియుందురు? మన సంఘములో అట్టి స్థానమున నున్నవారు ఎవరు?

2. గడచిన మూడు నెలలలో ఆరాధనకు రాక మానినవారి పేర్లు మనము చెప్పగలమా? వారిలో ఎవరి యింటికి మనము పోయితిమి?

3. మన కూటముల వేళలు ఎవరికి అనుకూలముగా ఉన్నవి? ఎవరికి కావు?

4. శక్తి లేక ఆలస్యమగుటకును, సోమరితనముచేత ఆలస్యమగుటకును భేదమేమి? మొదటివారికి ఏమి చేయవలెను, రెండవవారికి ఏమి చెప్పవలెను?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, నీ ప్రజలను నది దాటించిన దేవా, ఇల్లు కనబడినంతనే సహోదరుని మరచు మనస్సునుండి మమ్మును తప్పించుము. బలము గలవారికి ఓర్పును, అలసినవారికి ధైర్యమును అనుగ్రహించుము. మా సంఘములో ఒక్కరును దారిలో తప్పిపోకుండ, నీవు మా ముందును మా వెనుకను నడువుము. నీ బిడ్డ యేడి అని నీవు అడుగు దినమున, ఇదిగో మాతో కూడ ఉన్నాడని చెప్పగలుగు కృప దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.